'పుస్తకం మొత్తం చదివారా?': స్కూలు కమిటీలో నా అనుభవం

ఒహాయోలో కొలంబస్ పక్కన ఉంటాం మేము. మా అమ్మాయి చదివే మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలందరూ కలిసి చదివే నవల ఒకటి ఉంటుంది. అది లోయిస్ లౌరీ రాసిన 'ది గివర్'. ఆ ఏడాది ఒక తండ్రి ఆ పుస్తకాన్ని క్లాసులోంచీ లైబ్రరీలోంచీ కూడా తీసేయమని రాతపూర్వకంగా అడిగాడు. అలా ఎవరైనా అడిగితే స్కూలు వాళ్ళు దాన్ని పక్కన పడేయడానికి లేదు, వెంటనే ఒప్పుకుని పుస్తకం తీసేయడానికీ లేదు. ఒక కమిటీ వెయ్యాలి. ఆ కమిటీలో తల్లిదండ్రుల తరఫున నన్ను కూచోబెట్టారు.

నన్నే ఎందుకంటే, లైబ్రరీలో వారానికోసారి వాలంటీరుగా పనిచేసేదాన్ని. పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాలు చక్రాల బండి మీద ఉంటాయి. పుస్తకం వెన్ను మీద రచయిత ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలు అంటించి ఉంటాయి. అవి చూసుకుంటూ ఎక్కడివక్కడ సర్దాలి. పెద్ద తెలివితేటలు అక్కర్లేని పని. కానీ పిల్లలు నిజంగా ఏం చదువుతున్నారో, ఏది ఊరికే పట్టుకెళ్ళి తెచ్చి ఇచ్చేస్తున్నారో ఆ బండి చూస్తే తెలిసిపోతుంది. సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' వచ్చింది 2008లో. అయినా దాని కాపీలు అరలో నిలిచేవి కావు. వెన్ను విరిగి, టేపు వేసి, ఆ టేపు మీద మళ్ళీ టేపు వేసి ఉండేవి. జేమ్స్ డాష్నర్ 'ది మేజ్ రన్నర్', వెరోనికా రోత్ 'డైవర్జెంట్' కూడా అంతే. అట్టల మూలలన్నీ స్కూలు బ్యాగుల్లో నలిగి గుండ్రంగా అయిపోయాయి. పక్క అరలో బహుమతులు వచ్చిన మంచి మంచి నవలలు కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తూ కూచునేవి.

ఈ డిస్టోపియా నవలల గురించి, అంటే మనుషుల్ని అణిచిపెట్టే ఊహా ప్రపంచాల కథల గురించి, అప్పటికి నాకున్న అభిప్రాయం గొప్పదేం కాదు. చెడ్డ ప్రభుత్వం, పదహారేళ్ళ అమ్మాయి, ఇద్దరబ్బాయిలు, మూడు భాగాలు. మూడో భాగం సినిమాకొచ్చేసరికి దాన్ని రెండు ముక్కలు చేసి మన దగ్గర రెండుసార్లు టికెట్ డబ్బులు వసూలు చేస్తారు. 'డైవర్జెంట్' వాళ్ళు ఆ రెండో ముక్క తియ్యనేలేదు, కథ మధ్యలో వదిలేశారు. మా అమ్మాయి ఆ విషయం మీద ఇంట్లో చాలాసార్లు ఉపన్యాసం ఇచ్చింది.

కమిటీలో ఏడుగురం. ప్రిన్సిపాల్, లైబ్రేరియన్, ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు, స్కూలు కౌన్సెలర్, ఇద్దరు తల్లిదండ్రులు. నేను కాక రెండో ఆయన చర్చి పనుల్లో బాగా తిరిగే మనిషి, వడ్రంగం కాంట్రాక్టులు చేస్తాడు. నా మనసులో ఆయన ఓటు ఎటో ఆయన పేరు చూడగానే రాసేసుకున్నాను. ఆయన కూడా నా పేరు చూసి అలాగే రాసేసుకుని ఉంటాడు.

ముందుగా మాకో ఫైలు ఇచ్చారు. అందులో ఫిర్యాదు ఫారం, ఆ పుస్తకం గురించి పత్రికల్లో వచ్చిన సమీక్షలు, టీచర్ల పాఠం ప్లాను, స్కూలు డిస్ట్రిక్టు నియమాలు. వీటితోపాటు నవల కాపీ ఒకటి, పసుపు చీటీల కట్ట ఒకటి. ఫైలు మీదే రాసుంది: పుస్తకం మొత్తం చదివి రావాలి, విడి పేజీల మీద తీర్పు చెప్పకూడదు. విచారణ నడిచినన్నాళ్ళూ పుస్తకం అరలోనే ఉంటుంది. ఫిర్యాదు చేసిన తండ్రి కొడుక్కి మాత్రం వేరే పుస్తకం ఇస్తారు.

ఫిర్యాదు ఫారం నాకు భలే నచ్చింది. రెండే పేజీలు. మొదటి ప్రశ్నల్లోనే ఉంది: 'ఈ పుస్తకాన్ని మీరు మొత్తం చదివారా? చదవకపోతే ఏ భాగాలు చదివారు?' ఆ తండ్రి నిజాయితీగా రాశాడు, మొత్తం చదవలేదు, పంతొమ్మిదో అధ్యాయమూ దాని చుట్టుపక్కలా చదివాను అని. అభ్యంతరం ఏమిటి అన్నచోట మూడు ముక్కలు రాశాడు. పసిబిడ్డను చంపడం. ఆత్మహత్య. పదకొండేళ్ళ కుర్రాడికి శృంగారపు కల. 'దీని బదులు ఏ పుస్తకం పెట్టమంటారు?' అన్న చోట ఖాళీ.

ఆయన పేర్కొన్న మూడూ పుస్తకంలో ఉన్నాయి. ఆయన కల్పించిందేమీ లేదు. అందుకే పని తేలిక కాలేదు.

'ది గివర్' 1993లో వచ్చింది, 1994లో న్యూబెరీ పతకం గెల్చుకుంది. పిల్లల పుస్తకాలకి అమెరికాలో అంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఆ దశాబ్దంలో దేశంలో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన వంద పుస్తకాల జాబితాలో కూడా అది ఉంది. పతకం, ఫిర్యాదు రెండూ ఒకే పుస్తకానికి. రెండు వందల పేజీలు కూడా ఉండదు. నేను రెండు రాత్రుళ్ళలో అయిపోతుందనుకున్నాను, అయిపోయింది కూడా. కానీ మళ్ళీ మొదటికెళ్ళి పసుపు చీటీలు అంటించుకుంటూ చదివాను. అసలు చదవడం అప్పుడు మొదలైంది.

చదవనివాళ్ళకి కథ కొంచెం చెప్పాలి. జోనస్ అని పదకొండేళ్ళ కుర్రాడు. వాళ్ళ ఊళ్ళో ఆకలి లేదు, గొడవలు లేవు, అబద్ధాలు లేవు. ఇంటికి ఇద్దరే పిల్లలు, ఒక ఆడ, ఒక మగ. వాళ్ళని కూడా దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తారు. కనేవాళ్ళు వేరు, పెంచేవాళ్ళు వేరు. తొమ్మిదేళ్ళు రాగానే అందరికీ సైకిల్ ఇస్తారు. పన్నెండేళ్ళు రాగానే పెద్దలు సభ పెట్టి ఎవరు ఏ పని చెయ్యాలో ప్రకటిస్తారు, అంతే, జీవితాంతం అదే పని. జోనస్‌కి వచ్చిన పని మాత్రం ఎవరికీ రానిది. పూర్వపు ప్రపంచం జ్ఞాపకాలన్నీ మోసే ముసలాయన ఒకడుంటాడు. ఆయన వీపు మీద చేతులు పెట్టగానే ఒక్కొక్క జ్ఞాపకం ఈ పిల్లాడిలోకి వస్తుంది. మంచు, ఎండ, ఎరుపు రంగు, తర్వాత యుద్ధం. ఊళ్ళో మిగతా ఎవరికీ రంగులు కనిపించవు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, చాలాసేపటి దాకా మనకీ తెలియదు.

పన్నెండేళ్ళ సభ దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి నన్ను అడగనే అడిగింది. "అమ్మా, నువ్వు ఎంపీసీ తీసుకోవాలని ఎవరు చెప్పారు?"

"తాతయ్య."

"నిన్ను అడిగారా?"

"అడిగారు. ఎంపీసీ తీసుకుంటావు కదా అని అడిగారు."

విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. పొద్దున్న బెల్లు, స్టడీ అవర్ బెల్లు, పడుకోవడానికి బెల్లు. ఆదివారం కూడా పరీక్ష. మా బ్యాచ్‌లో ఎవరికీ అది ఘోరమనిపించలేదు. అందరం ఒకే రంగు చుడీదార్లు వేసుకుని, ర్యాంకు ప్రకారం సెక్షన్లలో కూచుని, బాగానే నవ్వుకున్నాం. ఈ నవలలో మొదటి సగం అలాగే ఉంటుంది. ఎవరూ ఏడవరు. పొద్దున్నే కలలు చెప్పుకుంటారు, రాత్రి భోజనాల దగ్గర మనసులో మాటలు చెప్పుకుంటారు, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటారు. నాన్న కూడా చాలా మంచివాడు. పసిపిల్లల కేంద్రంలో ఉద్యోగం. సరిగ్గా నిద్రపోని ఒక బిడ్డ మీద జాలిపడి, రాత్రుళ్ళు ఇంటికి తెచ్చుకుని మరీ సాకుతుంటాడు.

పంతొమ్మిదో అధ్యాయంలో ఆ మంచి నాన్నే కవల పిల్లల్లో బరువు తక్కువున్న వాడికి సూది మందు ఇస్తాడు. ఒకేలా ఉండే మనుషులు ఇద్దరు ఉండకూడదని వాళ్ళ నియమం. జోనస్ అది వీడియోలో చూస్తాడు. తూకం వేస్తాడు నాన్న, నుదుటి దగ్గర నరం వెతుకుతాడు, ఇంట్లో పాపాయితో ముద్దు మాటలాడే గొంతుతోనే ఆ బిడ్డతో కబుర్లు చెబుతూ పని కానిస్తాడు. అట్టపెట్టెలో పెట్టి గోడలో ఉన్న సొరంగంలోకి జారవిడుస్తాడు. టాటా చెప్తాడు. పేజీన్నర ఉంటుందేమో. రక్తం చుక్క లేదు, కోపం లేదు, ఒక్క కేక లేదు.

నేను ఆ పేజీకి చీటీ అంటించలేదు. మర్చిపోయే పేజీ కాదు.

మా అత్తయ్యగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. రోజూ డైనింగ్ టేబుల్ మీద ఫైలు, పెన్సిలు పెట్టుకుని కూచుంటే ఆవిడకి ఆశ్చర్యం. "ఆఫీసు పనా?" అన్నారు. కాదండీ అని కథంతా చెప్పాను. విని, "దీనికి ఇంత పంచాయితీ ఎందుకమ్మా? కంసుడు దేవకి బిడ్డల్ని ఒక్కొక్కణ్ణీ చంపలేదూ? ఆ కథ చెప్పుకుంటూనే కదా నీ మొగుడికి అన్నం తినిపించాను" అన్నారు.

ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. ఆరుగురు పసిపిల్లల్ని చంపిన కథ మనం మూడేళ్ళ పిల్లలకి చెప్తాం. కృష్ణాష్టమి నాడు ఆ పిల్లలకే నెమలి ఈక పెట్టి ఫొటోలు తీస్తాం. ఎవరూ ఫారం నింపరు. కానీ కంసుడు కంసుడే. వాడు చెడ్డవాడని మొదటి మాటలోనే తెలుస్తుంది, చివరికి వాడి పని అవుతుందనీ తెలుస్తుంది. వింటున్న పిల్లాడు వాళ్ళ నాన్న వైపు అనుమానంగా చూడాల్సిన అవసరం రాదు. ఈ నవలలో రాక్షసుడు లేడు. ఉన్నది నియమం. దాన్ని అమలు చేసేవాడు సాయంత్రం ఇంటికొచ్చి, నీ రోజు ఎలా గడిచిందని అడుగుతాడు. హంగర్ గేమ్స్‌లో పిల్లలు పిల్లల్ని చంపుకునే పేజీలు ఎన్నో ఉన్నా, దాని మీద ఆ తండ్రికి అభ్యంతరం లేకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది అనిపించింది. అక్కడ చెడ్డవాడెవడో గులాబీ పువ్వు పెట్టుకుని మరీ కనిపిస్తాడు.

ఇదే అత్తయ్యగారితో అంటే, "అయితే ఇది పెద్దవాళ్ళు చదవాల్సిన పుస్తకం" అని తేల్చేశారు. కమిటీలో చాలాసేపు నడిచిన చర్చ కూడా అదే. కాకపోతే అక్కడ ఇంగ్లీషులో నడిచింది.

హంగర్ గేమ్స్ పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి. కమిటీ పని మీద పడ్డాక దాన్ని కూడా నేను మొదటిసారి సరిగ్గా చదివాను. ఒక పక్క రియాలిటీ షో, ఇంకో పక్క ఇరాక్ యుద్ధం వార్తలు, టీవీలో చానళ్ళు మారుస్తుంటే కాలిన్స్‌కి ఆ ఆలోచన వచ్చిందట. అందరూ బాణాల గురించి మాట్లాడతారు గానీ నన్ను పట్టుకున్నది చీటీల లెక్క. ఆ చంపుకునే ఆటకి ఎవరు వెళ్ళాలో లాటరీ తీస్తారు; పన్నెండేళ్ళు రాగానే ప్రతి పిల్లాడి పేరూ అందులో ఒకసారి పడుతుంది, ఏటా ఒకటి పెరుగుతుంది. ఇంట్లో తిండి లేకపోతే, ఏడాదికి సరిపడా గింజలూ నూనే తీసుకుని బదులుగా ఇంకో చీటీ వెయ్యొచ్చు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు. కథానాయిక, పదహారేళ్ళ కాట్నిస్ పేరు అలా ఇరవై సార్లు ఉంటుంది, ఆమె స్నేహితుడు గేల్ పేరు నలభై రెండుసార్లు. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ వాళ్ళెవరికైనా ఈ పేజీ విడమర్చి చెప్పక్కర్లేదు. లాటరీ అందరికీ ఒకటే అని ప్రభుత్వం అంటుంది, అది అబద్ధమూ కాదు. మూడు భాగాలు, ఇద్దరబ్బాయిలు అని నేను నవ్విన పుస్తకంలో ఇంత లెక్క ఉంది.

మీటింగ్ స్కూలు అయిపోయాక లైబ్రరీలోనే పెట్టారు. పిల్లల కుర్చీలు, మోకాళ్ళు బల్లకి తగులుతుంటాయి. మొదట ప్రిన్సిపాల్ నియమాలు చదివారు. తర్వాత ఆ తండ్రి లోపలికి వచ్చి తన మాట చెప్పాలి. ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డుపడకూడదు, వాదించకూడదు.

నేను కోపంగా ఉండే మనిషి వస్తాడనుకున్నాను. ఆయన చేతిలో కాగితం ఉంది గానీ దాన్ని విప్పలేదు. పోయిన ఏడాది వాళ్ళింట్లో నెలలు నిండకుండా ఒక బిడ్డ పుట్టి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి పోయిందట. బరువు తక్కువ. వాళ్ళబ్బాయి క్లాసులో పంతొమ్మిదో అధ్యాయం చదివి ఇంటికొచ్చి, చెల్లికి డాక్టర్లు ఏం చేశారని వాళ్ళమ్మని అడిగాడట. అంతవరకు చెప్పి, "మిగతాది ఫారంలో రాశాను" అన్నాడు. ఫారంలో ఈ ముక్కే లేదు. ఉండే గడి కూడా లేదు. ఇంకో అయిదు నిమిషాలు టైముందని ప్రిన్సిపాల్ అంటే అక్కర్లేదని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మా ఎవరికీ వెంటనే మాట రాలేదు. ముందే రాసి తెచ్చుకున్న వాదనలు సగం పనికిరాకుండా పోయాయి. నా కాగితంలో మొదటి పాయింటు, ఆయన మొత్తం పుస్తకం చదవలేదన్నది. దాన్ని పెన్సిలుతో కొట్టేశాను. అది నిజమే, కానీ ఆ ఇంట్లో ఆ అధ్యాయం చదివితే మిగతాది ఎవరు చదవగలరు?

ఇంగ్లీషు టీచరమ్మ పుస్తకం ఎందుకు పెట్టారో చెప్పింది. నాకు అందులో బాగా నచ్చింది కథ వెనకాల కథ. లౌరీ తండ్రి వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి పోగొట్టుకుంటున్న రోజులు. చిన్న వయసులోనే చనిపోయిన పెద్ద కూతురి ఫొటో చూసి పేరు గుర్తుపట్టాడు గానీ ఆమెకి ఏమైందో గుర్తుకు రాలేదు. న్యూబెరీ పతకం తీసుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో లౌరీ ఈ సంగతి చెప్పింది. బాధ కలిగించేదంతా మర్చిపోతే హాయిగానే ఉంటుంది కదా అన్న ఆలోచన దగ్గర ఈ నవలకి ఒక మొలక పడింది. ఇది విన్నాక బయట కారిడార్లో ఆ తండ్రి ఇంకా ఉన్నాడేమో, పిలిచి చెబితే బాగుండు అనిపించింది. వెంటనే, చెప్పకపోవడమే మంచిదనీ అనిపించింది.

తర్వాత లెక్సైల్ గొడవ. పుస్తకం ఎంత కష్టమో చెప్పే అంకె ఒకటి ఇక్కడ స్కూళ్ళలో వాడతారు. 'ది గివర్'కి 760, 'ది హంగర్ గేమ్స్'కి 810. అంకె ప్రకారం చూస్తే ఇవి ఇంకా చిన్న తరగతుల పిల్లలు కూడా చదివేయగలిగినవే. ప్రిన్సిపాల్ ఆ అంకె చూపించి, వయసుకి తగినదేగా అన్నారు. లైబ్రేరియన్ ఊరుకోలేదు. ఆ అంకె వాక్యం ఎంత పొడవు, మాటలు ఎంత వాడుకలో ఉన్నవి అన్నదే లెక్కేస్తుంది, వాక్యంలో ఏముందో దానికి తెలియదు అంది. నిజమే. పంతొమ్మిదో అధ్యాయంలో కష్టమైన మాట ఒక్కటి లేదు. రెండో తరగతి పిల్లాడు కూడా గడగడా చదివేస్తాడు. నన్నడిగితే పిల్లల పుస్తకాల మీద ఆ అంకెలు అంటించడం మానేస్తే సగం అపార్థాలు పోతాయి. కానీ నన్నెవరూ అడగలేదు.

శృంగారపు కల సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. కుర్రాడికి ఒక స్నేహితురాలి గురించి కల వస్తుంది, పొద్దున్న అమ్మకి చెప్తాడు, రోజూ ఒక మాత్ర వేసుకోమంటుంది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఆ మాత్ర వేసుకుంటారు. పేజీలో అంతకన్నా ఏమీ లేదు. చర్చికి వెళ్ళే ఆయన కూడా, ఇంతేనా అన్నాడు.

ఆత్మహత్య దగ్గర మాత్రం కౌన్సెలర్ చాలాసేపు మాట్లాడింది. జోనస్‌కి ముందు అదే పనికి ఎంచిన అమ్మాయి ఒకతె ఉంటుంది. జ్ఞాపకాల బాధ భరించలేక తనే 'విడుదల' కోరుకుంటుంది, సూదితో చంపడాన్ని ఆ ఊళ్ళో అలాగే అంటారు. ఆ సూది కూడా తనే వేసుకుంటుంది. నాలుగైదు వాక్యాల్లో వస్తుంది. ఆ వాక్యాల కన్నా వాటి తర్వాత క్లాసులో ఏం జరుగుతుందన్నదే తనకి ముఖ్యమంది కౌన్సెలర్. ఆ రోజు తను క్లాసులో కూచుంటానంది. పాఠం ప్లానులో ఆ అధ్యాయం శుక్రవారం పడింది. చదివించేసి రెండు రోజులు ఇంటికి పంపేస్తారా అని అడిగింది. టీచర్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని మంగళవారానికి మార్చారు. ఆ మీటింగ్ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదేనని నా లెక్క.

నా వంతు వచ్చినప్పుడు నేను కంసుడి కథ చెప్పాను. మా అత్తగారి మాట అని చెప్పి మరీ చెప్పాను, లేకపోతే నాకే ధైర్యం చాలదు. చెరసాల, రాయి, ఆరుగురు బిడ్డలు. టీచరమ్మ కళ్ళు పెద్దవి చేసింది, చిన్నపిల్లలకే చెప్తారా అని. అప్పుడు వడ్రంగం చేసే ఆయన, "మాకు హేరోదు ఉన్నాడు" అన్నాడు. బెత్లెహేములో రెండేళ్ళ లోపు మగపిల్లల్ని చంపించిన రాజు. "క్రిస్మస్ ముందు ఆదివారం స్కూల్లో నేనే చెప్తాను, అయిదేళ్ళ వాళ్ళు ఉంటారు. మా వాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు." కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "ఈ నాన్న హేరోదు కాడు. హేరోదు పంపించిన సైనికుడు. మన కథల్లో సైనికుడి గురించి ఎవరూ చెప్పరు."

నేను మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని రాత్రంతా వెతుక్కున్న మాట అది. ఆయన పేరు చూసి నేను రాసుకున్న ఓటు నా కాగితంలో కాక మనసులోనే ఉండటం మంచిదైంది.

మా అమ్మాయిని ఏం కదిలించిందో కూడా అక్కడ చెప్పాను. సూది అధ్యాయం దానికి పీడకల కాలేదు. "వాళ్ళకి అమ్మమ్మ లేదమ్మా" అంది. పుస్తకంలో ముసలివాళ్ళని వేరే ఇంట్లో పెడతారు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అమ్మానాన్నలు ఎవరికీ గుర్తుండరు. ముసలాయన ఇచ్చిన జ్ఞాపకంలో దీపాలు, చెట్టు, కానుకలు, వాటి మధ్య ఒక ముసలి జంట కనిపిస్తే, వాళ్ళెవరో జోనస్‌కి అర్థం కాదు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో తెనాలి అమ్మమ్మతో పోట్లాడే పిల్లకి అది పట్టుకుంది. ఒకే పుస్తకం, ఒకే క్లాసు. ఒక పిల్లాడు చెల్లి గురించి అడిగాడు, ఒక పిల్ల అమ్మమ్మ గురించి అంది. ఎవరికి ఏ పేజీ తగులుతుందో కమిటీ ముందుగా ఎలా చెప్తుంది?

ఓటుకి నాలుగు దారులు ఉన్నాయి. యథాతథంగా ఉంచడం, పై తరగతికి మార్చడం, తల్లిదండ్రుల సంతకంతోనే ఇవ్వడం, తీసేయడం. లైబ్రరీ కాపీల మీద ముందు ఓటు వేశాం. అక్కడ ఏడుగురూ ఉంచమన్నారు. 1982లో ఐలాండ్ ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన గొడవ ఇలాంటిదేనని లైబ్రేరియన్ గుర్తు చేసింది. అక్కడ స్కూల్ బోర్డు వాళ్ళు లైబ్రరీలోంచి పుస్తకాలు తీసేస్తే పిల్లలే కేసు వేశారు. అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో పుస్తకం తీసేయకూడదని జస్టిస్ బ్రెనన్ రాశాడు. జడ్జీలందరూ ఒకే మాట మీదకి రాలేదు గానీ నలభై ఏళ్ళుగా లైబ్రేరియన్లు చెప్పుకునేది ఆ తీర్పే.

క్లాసులో చదివించడం మీద ఓట్లు చీలాయి. లైబ్రరీ పుస్తకం పిల్లాడు తనకి తానుగా తీసుకునేది. క్లాసు పుస్తకం ఎవరికి ఇష్టమున్నా లేకపోయినా అందరి చేతిలో పెట్టేది. ఈ రెండింటికీ తేడా నాకు అక్కడే బాగా తెలిసొచ్చింది. అయిదుగురం ఉంచమన్నాం, కాకపోతే చదవడం మొదలయ్యే ముందే ఇంటికి ఉత్తరం వెళ్ళాలి, వేరే పుస్తకం అడిగితే కారణం అడక్కుండా ఇవ్వాలి. ఒక టీచరు హైస్కూలుకి మార్చమంది. కౌన్సెలర్ సంతకం కావాలంది. వడ్రంగం ఆయన మా అయిదుగురిలో ఉన్నాడు.

ఉత్తరం రాసే పని నాకూ కౌన్సెలర్‌కీ పడింది. ఓటు కన్నా అదే కష్టం. కథ మొత్తం చెప్పేస్తే పిల్లలకి పుస్తకం పాడవుతుంది. చెప్పకపోతే ఉత్తరం ఎందుకు? 'సున్నితమైన అంశాలు ఉన్నాయి' అని రాస్తే ఎవరూ చదవరు, ఇక్కడ ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట ఉంటుంది. చివరికి ఒక వాక్యం దగ్గర ఆగాం: ఈ నవలలో ఒక పసిబిడ్డ మరణం ఉంది, మీ కుటుంబానికి ఇప్పుడు అది చదివే సమయం కాదనుకుంటే మాకు ఒక్క ముక్క రాయండి. కారణం అక్కర్లేదు అన్న మాటని కౌన్సెలర్ బోల్డ్‌లో పెట్టింది. పుస్తకంలోని మలుపు పోతుందని టీచరమ్మ కొంచెం బాధపడింది. మూడు దశాబ్దాల నాటి పుస్తకం, ఆ మలుపు ఇంటర్నెట్‌లో పిల్లలందరికీ ఎప్పుడో తెలుసు అన్నాను.

ఆ తండ్రి పై బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. చెయ్యలేదు. వేరే పుస్తకాల పట్టీ లైబ్రేరియన్ ఇంటికి పంపింది. అందులోంచి వాళ్ళబ్బాయి కోసం జీన్ డ్యుప్రావ్ రాసిన 'ది సిటీ ఆఫ్ ఎంబర్' ఎంచుకున్నారు. 2003 నాటిది. ఆకాశం కూడా కనిపించని నగరం, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, సరుకులు అడుగంటుతున్నాయి, మేయర్ మాత్రం తన వరకు గదినిండా దాచుకుంటాడు. అందులోనూ పన్నెండేళ్ళకే పిల్లలకి ఉద్యోగాలు పంచుతారు. కాకపోతే సంచిలోంచి చీటీ తీయిస్తారు, ఇద్దరు పిల్లలు చీటీలు మార్చేసుకుంటారు. డిస్టోపియా వద్దన్న ఇంటికి ఇంకో డిస్టోపియా వెళ్ళిందని మా అమ్మాయికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆ తండ్రి చీకటి కథలు వద్దనలేదు, ఆ ఒక్క పేజీ వద్దన్నాడు.

కొన్ని వారాల తర్వాత బండి మీద 'ఎంబర్' తిరిగొచ్చింది. దాని రెండో భాగం 'ది పీపుల్ ఆఫ్ స్పార్క్స్' మా దగ్గర ఒకే కాపీ ఉంది, అది బయటికెళ్ళింది. ఎవరు తీసుకున్నారో కంప్యూటర్లో చూడొచ్చు, కానీ వాలంటీర్లు చూడకూడదని నియమం. చూడలేదు.